మనిషిని కాదు, మాటను పట్టుకోవాలె



చాయ్ హోటల్ల కూసుంటే ఎవరో ఒకరు ‘వితండవాదం చెయ్యకు’ అంటరు. ఆ మాట న్యాయసూత్రాలల్ల ఉన్నది. నిజం తేల్చుకోను మాట్లాడితే వాదం. గెలుపు కోసమే అయితే జల్పం. తన పక్షమేందో చెప్పకుంట ఎదుటోని మాట కొట్టేసుడే పనైతే వితండం. ‘నవకంబళం’ అంటే కొత్త గొంగడి అని తెలిసి కూడ ‘తొమ్మిది గొంగళ్లు ఏడున్నయ్?’ అని ఎగతాళి చేసేటోని ముచ్చట వాత్స్యాయనుని భాష్యంల ఉన్నది. దాని పేరు వాక్ఛలం. టీవీ చర్చలల్ల రోజూ చూస్తున్నదే.

ఉద్యమంల మనకు ఎక్కువ ఎదురైంది ‘ఒక్క రాష్ట్రం ఇస్తే దేశమే ముక్కలైతది’ అన్న మాట. 1956ల 14 రాష్ట్రాలుండె. 1960ల గుజరాత్, మహారాష్ట్ర వేరు పడ్డయి. 2000ల ఒక్క నెలలనే మూడు కొత్త రాష్ట్రాలు పుట్టినయి. దేశం ముక్కలు కాలె. మొదటి మెట్టు చూపెట్టి లోయల పడ్తవని బెదిరిస్తరు గని, నడుమ మెట్ల సంగతి అడిగితే చెప్పరు.

ఇంకోటి, ‘పదవులు దొరకని నాయకుల గొడవ’ అనుడు. నాయకునికి పదవి లేకపోతే లేకపాయె. 1985ల వచ్చిన 610 జీవో అమలైందా లేదా అన్నది ఆయన పదవితోని తేలుతదా? ఆఫీసు రిజిస్టర్లు చూస్తే తేలుతది. ఉద్యోగులకు నేను చెప్పాల్నా!

అయితే మేం కూడ తక్కువ తినలె. ఒకనాటి రాత్రి హాస్టల్ రూంల కరపత్రం రాస్తున్నం. ఒక తమ్ముడు ‘అన్నా, ఈ ఉద్యోగాల లెక్క ఏ కాగితంల నుంచి తీసిన్రు?’ అని అడిగిండు. అడిగింది న్యాయమైన ప్రశ్న. మేం కాగితం చూపెట్టలె. ‘నువ్వు మనోనివా, ద్రోహివా?’ అన్నం. అందరు నవ్విన్రు. మనతోని లేకుంటే ద్రోహి, నడుమ ఇంకో జాగ లేదన్నట్టు. ఆయన మళ్ల మీటింగుకు రాలె.

పది దినాలకు ఒక చర్చల అవతలి పక్షపాయన అదే లెక్క మీద అదే ప్రశ్న వేసిండు. మా దగ్గర జవాబు లేదు. ఆయనను ద్రోహి అంటే ఏం లాభం, ఆయన మనోడే కాదాయె! అసలు అన్యాయం జరిగింది నిజమే, కాగితాలు వెతికితే దొరికేటివే. వెతకలె.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఆ మాట మాత్రం పోలె. ఇప్పటికీ ప్రశ్న అడిగినోని మీద అదే విసురుతున్నరు, ఎవరి దిక్కు వాళ్లు.

ఆ తమ్ముడు ఇప్పుడు సర్కారు నౌకరిల ఉన్నడు. ఇయ్యాల్టి సభకు రమ్మని ఫోన్ చేసినం. డ్యూటీ ఉందన్నడు.