కైఫీయత్తులును వాని వ్యయమును



కావలి సోదరుల స్మృత్యర్థమై సమావేశమైన యీ సభలో రాజుల యుద్ధములను గూర్చి గాని, కావ్యముల గుణదోషములను గూర్చి గాని నేను ప్రసంగింపబోను. చరిత్రమును వ్రాసినవా రెవ్వరని మనము తఱచుగా విచారింతుము. ఆ వ్రాతకు వలయు కాగితమునకును, సిరాకును, ఎండలో ఊరూర తిరిగినవాని బత్తెమునకును ధన మిచ్చినవా రెవ్వరని విచారించుట అరుదు. ఈ రెండవ ప్రశ్నమే యెక్కువ ముఖ్యమైనదని నా దృఢవిశ్వాసము.

1783లో ఈస్టిండియా కుంపిణీ కొలువున భారతదేశమునకు వచ్చిన కాలిన్ మెకంజీ సర్వేక్షణమునకై నియుక్తుడైన సైనికోద్యోగి. భూమిని కొలుచుచు పోయిన యా మహాశయునకు భూమిపై నున్న ఊళ్ల పూర్వవృత్తాంతములపై అభిరుచి కలిగినది గాని, తెలుగువారైన కావలి వేంకట బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి అను సోదరులు తోడుపడకున్నచో ఆ యభిరుచి ఫలించెడిది కాదు. వారును, వారి చేతిక్రింది గుమాస్తాలును గ్రామగ్రామమునకు పోయి, కరణముల యొద్ద తరతరములుగా నున్న కవిలెలను, అనగా గ్రామపు లెక్కపుస్తకములను, చదివించి, వృద్ధుల నడిగి, ఆ యూరు ఎప్పుడు కట్టబడెనో, చెరువు త్రవ్వించిన దెవ్వరో, ఏ దేవునకు ఎవ్వరు మాన్య మిచ్చిరో వ్రాసికొని వచ్చిరి. ఈ వ్రాతలే కైఫీయత్తులు. 1803లో బొఱ్ఱయ్య అకాలమరణము నొందగా, లక్ష్మయ్య ఆ భారము వహించెను. ఇందులకైన వ్యయములో అధికభాగము మెకంజీ తన సొంత సొమ్మునుండియే భరించెను.

1821లో మెకంజీ మరణించిన పిమ్మట ఆయన భార్యకు లక్షరూపాయ లిచ్చి కుంపిణీవారు ఆ సంచయము నంతయు కొనిరి. లక్షరూపాయలు ఆ కాలమున అల్పధనము కాదు. కాని ఆ ధనము అప్పటికే సిద్ధమైయున్న సంపుటములకు వెలయయ్యెనే గాని, మిగిలిన పనికి పెట్టుబడి కాలేదు. ఆ పనిని తాను కొనసాగింతునని లక్ష్మయ్య కోరగా, ఆసియాటిక్ సొసైటీవారు ఆయనయే గాక ఏ స్వదేశీయుడును అట్టి కార్యమునకు చాలడను నభిప్రాయమును ప్రకటించి, ఆ కోరికను త్రోసిపుచ్చిరి. ఏ చేతులు ఆ సంచయమును కూర్చినవో ఆ చేతులకే అర్హత లేదనిన యా తీర్పును తలచునపుడెల్ల నా మనస్సు క్షోభించును. ఆనాడు అడుగనందున పిదప చెప్పువారే లేకపోయిన ఊళ్లెన్నియో! వాని చరిత్రము మనకు శాశ్వతముగా నష్టమైనది.

తరువాత కుంపిణీ యుద్యోగియైన సి. పి. బ్రౌను దొర జీర్ణించుచున్న యా పత్రములకు నకళ్లు వ్రాయించి కాపాడెను. కడపలో తన బంగళాయందు పండితులను, లేఖకులను నిలిపి సొంత వేతనమునుండి వారికి జీతము లిచ్చెను. నకలు వ్రాయువాని కూలియే విద్యారక్షణకు మూలధనమని ఆయన యెఱిగియుండెను.

ఇరువదవ శతాబ్దమున మన త్రోవ మాఱినది. కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు మునగాల సంస్థానమున దివానుగా నుండి, 1906లో హైదరాబాదున గ్రంథప్రచురణమునకై విజ్ఞానచంద్రికా మండలిని మిత్రులతో స్థాపించినప్పుడు జమీందారుల ఔదార్యముతోపాటు చందాదారుల చిన్న మొత్తములను గూడ ఆధారముగా గైకొనిరి. రాజమహేంద్రవరమున 1922లో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి వెలసినది. పంతులుగారి పేర హైదరాబాదున నేర్పడిన లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో తెలంగాణా శాసనములను ప్రకటించినది. కడపలో బ్రౌను నివసించిన చోటనే జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు విరాళములు ప్రోగుచేసి గ్రంథాలయమును నిలిపిరి. అది తరువాత విశ్వవిద్యాలయపు పరిశోధనకేంద్రమై, ఆ జిల్లా కైఫీయత్తులనే ముద్రించి ప్రజల చేతి కందించినది. ఈ యొక్క సంగతి నాకు కలిగించిన సంతోషము ఇంతింతనరాదు.

ఇప్పుడు ప్రభుత్వములును, ధర్మసంస్థలును స్థానికచరిత్రమునకు ధన మిచ్చుచున్నవి, ఇచ్చుట మంచిదే. కాని గ్రంథావిష్కరణమునకు వేదిక అలంకరించుటకు దొరకినంత సులభముగా ఊరిలో తిరిగి వృద్ధుల మాటలు వ్రాసికొను యువకుని బస్సుచార్జీకి దొరకదు. ఏడాదిలో లెక్క చెప్పవలెనను నిబంధన కట్టడములకు తగును గాని, ఒక్కొక్క యింటి అటకపైనున్న కవిలెను చూపించుటకు ఇంటివారి నమ్మకము సంపాదింపవలసిన పనికి తగదు. దాతలు ఈ భేదమును గుర్తింతురు గాక!

మీకు నా ప్రార్థన యొక్కటి. మీ యూరి దేవాలయమునకు జీర్ణోద్ధారణము చేయింప చందాలు వసూలు చేయునపుడు, గోడలకు సున్నము వేయకముందే, అచ్చటి శాసనమునకు మసియచ్చు తీయించుటకు వలసిన సొమ్మును మొదటి పద్దుగా వ్రాయింపుడు.