జీతం ఒక్కటే చాలదు

ఉద్యోగంలో మీకు బాగా సంతోషం కలిగిన సందర్భం ఏది? మనసు విరిగిన సందర్భం ఏది? అమెరికాలోని పిట్స్‌బర్గ్ ప్రాంతంలో మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ బృందం దాదాపు 200 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను ఇలా అడిగి, 1959లో పుస్తకం వెలువరించింది.

వాళ్ల జవాబుల ప్రకారం కంపెనీ నిబంధనలు, పై అధికారి తీరు, చాలీచాలని జీతం విసుగు పుట్టించాయి. అవి సరిచేస్తే విసుగు పోతుందే తప్ప ఉత్సాహం రాదన్నాడాయన. ఉత్సాహమిచ్చేవి పనిలో సాధించిన తృప్తి, గుర్తింపు, బాధ్యత. దీన్ని సాకుగా చూపి జీతాలు బిగబట్టడం మాత్రం అన్యాయమే.

1968లో ఆయన రాసిన వ్యాసంలో, బాధ్యత పెంచితే ఏమవుతుందో చూపే ఒక ఉదాహరణ ఉంది. ఒక పెద్ద సంస్థలో వాటాదారులకు జవాబులు రాసే ఉద్యోగులు ఉత్తరం కింద తమ పేరే సంతకం చేశారు. అనుభవజ్ఞుల ఉత్తరాలపై తనిఖీ కూడా తగ్గించారు. మొదట కాస్త తడబడ్డా, ఆర్నెల్లకల్లా పని నాణ్యత పెరిగింది.