ఎలుక మేనిలో మిణుగురు వెలుగు

తొలకరి దినములలో చెట్లకొమ్మలపై మిణుగురుపురుగులు మినుకుమినుకుమనుట మీరెఱుగనిది కాదు. వేడిలేని యా వెలుగును వైద్యశాస్త్రజ్ఞులు రోగముల జాడ పట్టుటకు సాధనముగ జేసికొన్న విధమును ఈ పూట మనవి చేసెదను.

వెలుగు పురుగులను శోధించి ఫ్రెంచి పండితుడు రఫాయెల్ డుబ్వా 1887 నాటికే రెండు పదార్థములను గుర్తించెను. చమురువలె ఖర్చగు దానికి లూసిఫెరిన్ అనియు, దానిని వెలిగించు దానికి లూసిఫెరేజ్ అనియు పేరిడెను. ప్రాణవాయువు సరేసరి. 1947లో అమెరికాలోని బాల్టిమోరునందు మెకెల్రాయ్ అను నాయన, పిల్లలకు డబ్బిచ్చి మిణుగురులను పట్టించి, మఱియొక రహస్యము కనుగొనెను: జీవకణములకు శక్తినిచ్చు ఏటీపీ యను పదార్థము లేనిదే మిణుగురు వెలుగదు. ఈ ముక్కయే నాకు ముఖ్యముగ దోచుచున్నది. చచ్చిన కణమున నది నిలువదు. వెలుగు కనబడెనా, అచట ప్రాణమున్నదన్నమాట.

పూర్వము రోగము దేహములో ఏనాటి కెంతవఱకు ప్రాకినదో తెలియుటకు, రోగమంటించిన చిట్టెలుకలను దినమునకు కొన్నిటి చొప్పున చంపి కోసి చూచెడివారు. చచ్చిన ఎలుక మఱునాటి సంగతి చెప్పజాలదు గదా! 1995లో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునందు క్రిస్టఫర్ కాంటాగును ఆయన సహచరులును వేఱుదారి త్రొక్కిరి. ఎలుకలకు సన్నిపాతజ్వరమువంటి వ్యాధి గలిగించు సాల్మొనెల్లా సూక్ష్మజీవులలో, తమంత తామే వెలుగు వేఱొక జాతి సూక్ష్మజీవుల జన్యువులను చొప్పించి, వానిని ఎలుకలకు సోకించిరి. చీకటిలో మిక్కిలి సున్నితమగు కెమెరాతో చూడగా, బ్రతికియున్న ఎలుక చర్మముగుండ లోని వెలుగు కానవచ్చెను. మందిచ్చిన కొన్ని గంటలకు తగ్గెను. కత్తి పెట్టకయే మందు పనిచేయుట కంటబడినది!

తరువాత రాచపుండు కణములలో మిణుగురు జన్యువునే చేర్చిరి. లూసిఫెరిను సూదిమందుగా నెక్కించి, మత్తులో నుంచి, అదే ఎలుకను వారముల తరబడి చూచుచున్నారు. కావలసిన ఎలుకల సంఖ్యయు తగ్గినది.

అయిన నొక చిక్కు కలదు. చీకటిలో టార్చిలైటును అరచేత మూసి చూడుడు. ఎఱ్ఱదనమే వెలికి వచ్చును. తక్కిన రంగులను చాలవఱకు నెత్తురు త్రాగివేయును. మిణుగురు వెలుగులో ఎఱుపు పాలు కొలది. చిట్టెలుక చిన్నది గనుక సరిపోయినది. మన కడుపులోని పుండును చూపుటకు చాలదు. ఎఱుపు హెచ్చుగల క్రొత్త లూసిఫెరినునకు తగిన లూసిఫెరేజును జపానులోని రైకెన్ శాస్త్రజ్ఞులు 2018లో ప్రకటించి, మార్మొసెట్టను చిన్నకోతి మెదడులోని కణముల వెలుగును సైతము బయటనుండియే చూచిరి.