నందన కరువు నుంచి రెంటచింతల ఎండల దాకా

వేసవి వచ్చిందంటే రేడియో వార్తల్లో పల్నాడులోని రెంటచింతల పేరు వినపడాల్సిందే. పల్నాడుకు ఎండ చుట్టం కాదు, ఇంటి మనిషి. అందుకే వాతావరణం మారిందని ఎవరైనా అంటే, ఇక్కడి అచ్చంపేట పెద్దలు “ఎండలెప్పుడు లేవు గనక?” అని తోసిపుచ్చడంలో వింతేమీ లేదు. కరువు కూడా ఇక్కడ పాతదే.

నందన నామ సంవత్సరంలో, అంటే 1832–33లో, వానలు ముఖం చాటేశాయి. గుంటూరు జిల్లాలో లక్షల్లో జనం చనిపోయారు. బతికినవాళ్లు మద్రాసు దారి పట్టారు. ఆ చావులన్నీ ఆకాశం మీదికి నెట్టేయడం న్యాయం కాదు. రైతు దగ్గర గింజ మిగలనివ్వని పాలనకూ అందులో వాటా ఉంది. ఆ తర్వాతే 1852–55లో కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట లేచింది. నీళ్లు డెల్టాకు పారాయి, ఎగువనున్న మెట్ట పల్నాడు మాత్రం వానకే దణ్ణం పెట్టుకుంది.

ఆనకట్ట పూర్తయిన మరుసటేడు, 1856లో, అమెరికాలో యూనిస్ ఫుట్ అనే ఆవిడ గాజు గొట్టాల్లో రకరకాల వాయువులు నింపి ఎండలో పెట్టింది. బొగ్గుపులుసు వాయువున్న గొట్టం అన్నిటికన్నా వేడెక్కి, చల్లారడానికి చాలాసేపు పట్టింది. ఆమె మాట పట్టించుకున్నవాళ్లు తక్కువ. బొగ్గు మండుతూనే ఉంది. పరిశ్రమల యుగానికి ముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లున్న ఆ వాయువు 1958లో 315కు చేరింది. ఇప్పుడు 420 దాటింది.

ఇందులో పల్నాడు పొగ కూడా ఉంది. పిడుగురాళ్ల సున్నపు బట్టీలనే చూడండి. వంద కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని కాలిస్తే చేతికొచ్చే సున్నం 56 కిలోలే. మిగతా 44 కిలోలు బొగ్గుపులుసు వాయువై గాలిలో కలుస్తాయి. బట్టీలో వేసిన బొగ్గు పొగ దీనికి అదనం. సిమెంటు ఫ్యాక్టరీల్లో జరిగేదీ ఇదే. అలాగని నేరమంతా బట్టీ కూలీ నెత్తిన రుద్దలేం. నూటయాభై ఏళ్లుగా బొగ్గు, చమురు తగలబెట్టి ధనికులైన దేశాల పద్దు చాలా పెద్దది.

మళ్లీ నీళ్ల సంగతికొద్దాం. అచ్చంపేట మండలంలోని మాదిపాడు రేవుకు అవతలి ఒడ్డున ముక్త్యాల. ఆ ఊరి రాజా నాగార్జునసాగర్ ప్రాజెక్టు కోసం పట్టుబట్టి తిరిగాడు. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశారు, 1967లో కాలువలకు నీళ్లొదిలారు. ఇక కరువు బెంగ తీరిందనుకున్నారు.

కానీ 2009 చూడండి. నైరుతి ఋతుపవనాలు దేశమంతటా చేతులెత్తేసిన ఏడాది అది. అదే ఏడాది అక్టోబరు మొదట్లో శ్రీశైలానికి ఏకంగా 25 లక్షల క్యూసెక్కుల వరద తోసుకొచ్చింది. ఆ ఆనకట్ట తట్టుకోగలదని లెక్కగట్టింది 19 లక్షలే! 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షలు దాటింది. ఫలానా వరదకు భూతాపమొక్కటే కారణమని చెప్పలేం. కానీ ఒక్క డిగ్రీ వేడెక్కిన గాలి సుమారు ఏడు శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది. కురిసినప్పుడు కుంభవృష్టి, ఆ తర్వాత ఎండు రోజులు.

వేడి ప్రాణాలూ తీస్తోంది. 2015 మేలో వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా పోయారు. చేను సంగతికొస్తే, విచ్చిన పత్తి మీద వాన పడితే దూది నల్లబడుతుంది, కల్లంలో మిర్చి తడిస్తే రంగు పోయి ధర పడిపోతుంది. పరిహారం రాసేటప్పుడు పొలం పాసుపుస్తకం ఎవరిదని అడుగుతారు. కౌలు రైతు దగ్గర కౌలు గుర్తింపు కార్డు లేకపోతే, ఆ డబ్బు చాలాసార్లు భూమి యజమాని ఖాతాలోనే పడుతుంది.