చలికాలంలోనూ చేతినిండా పని

(ఉగాది ఉత్సవ సందర్భమున యువజన సమావేశములో చేసిన ప్రసంగము)

నేను సాయంకాలపు తరగతులలో తెలుగు నేర్చుకున్నవాడిని. మాటలలో తప్పులుంటే మన్నించగలరు.

మన ఉగాది ఇక్కడ వసంతంలో రాదు. క్వాజూలూ-నాటాల్‌లో అది ఆకు రాలే కాలం. పండుగ వెళ్లిన రెండు నెలలకు చలి మొదలవుతుంది. ఆ చలికాలపు బతుకుతెరువును గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

నా పాత విద్యార్థి ఒకడు చెట్ల పని చేస్తాడు. ఒక బక్కీ, రెండు రంపాలు, తాళ్లు, నలుగురు పనివాళ్లు. ఏటా జూన్ రాగానే ఇద్దరిని ఇంటికి పంపేవాడు. ఒకసారి కరపత్రం రాసిపెట్టమని నా దగ్గరకు వచ్చాడు.

"చలికాలంలో ఫోను మోగదు సార్" అన్నాడు.

"నువ్వు ఎవరికైనా ఫోను చేశావా బాబూ?" అని అడిగాను. చేయలేదట.

కరపత్రం సంగతి తరువాత, ముందు పాత బిల్లు పుస్తకాలు పట్టుకురమ్మన్నాను. బడిలో హాజరు పట్టీ రాసినట్లు ఒక నోటుబుక్కులో రాశాము: ఎవరి ఇల్లు, ఏ చెట్టు, ఏమి పని చేశాడు, మళ్లీ ఏ నెలలో చూడాలి. ఒకసారి పని చేయించుకున్న వారిని వాడు తిరిగి పలకరించనే లేదు. ఏప్రిల్, మే నెలల్లోనే వారికి ఫోను చేయమన్నాను. చలి వచ్చాక వెతికితే పని దొరకదు గదా.

చలికాలంలో పని లేకపోలేదు. ప్లేన్, ఓక్ వంటి చెట్లు ఆకు రాల్చాక ఎండు కొమ్మలు, పగుళ్లు స్పష్టంగా కనబడతాయి. అప్పుడు కత్తిరించడం సులువు. ఆ నెలల్లో గడ్డి ఎండి నిప్పు భయం ఉంటుంది. కార్చిచ్చు పుట్టగల భూమి యజమాని తన సరిహద్దులో మంట దాటకుండా ఖాళీ పట్టీ తీయాలని 1998 నాటి చట్టం చెబుతోంది. ఆ పట్టీ తీయడం పనే. గాలివానలు రాకముందే ఇంటి కప్పు మీదికి వాలిన కొమ్మలు తీయడం, పాత మొద్దులు పెకలించడం కూడా పనులే.

అయితే చేయకూడని పని కూడా చెప్పాలి. ఒక ఇల్లాలు జూలైలో మామిడి చెట్టు పొట్టిగా కొట్టమని అడిగారు. "ఇప్పుడు పూత కాలం అమ్మా, చివర్లు కొడితే ఈ ఏటి కాయ పోతుంది. కాయలు కోశాక వస్తాను" అన్నాడు. ఆనాటి కూలి పోయింది. కాని ఆమె ఆ మాట వీధిలో నలుగురికీ చెప్పారు. ఆ చలికాలంలోనే ఆ వీధిలో మూడు ఇళ్లలో పని దొరికింది. ఏ కరపత్రమూ అంత పని చేయలేదు.

కట్టెలు అమ్మే విషయంలోనూ జాగ్రత్త కావాలి. 2017లో పీటర్‌మారిట్స్‌బర్గ్ బొటానికల్ గార్డెన్‌లోని ప్లేన్ చెట్లలో ఒక చిన్న పురుగును కనిపెట్టారు. రెండు మిల్లీమీటర్లు ఉంటుంది. బూజును మోసుకొచ్చి చెట్టును చంపుతుంది. పురుగు పట్టిన కట్టెలు ఊరు దాటిస్తే పురుగు కూడా ఊరు దాటుతుంది. నాలుగు రాండ్లకు ఆశపడి ఊరి చెట్లను పాడు చేయరాదు.

మన తాతలు ఈ గడ్డ మీద చెరకు కోశారు. ఆ కోత చలినెలల్లోనే ముమ్మరం. వారికి చలికాలమంటే పనికాలమే. మనకు మాత్రం ఖాళీకాలం ఎందుకు కావాలి?

నిరుడు నా విద్యార్థికి ఒక్క వారమే పని లేకపోయింది. ఆ వారం రంపాలకు పదును పెట్టారు, తాళ్లు పరీక్షించారు. ఎవరినీ ఇంటికి పంపలేదు. ఆ ఇద్దరి ఇళ్లలో జూన్ జీతం అందింది, పిల్లల బడి ఖర్చులు ఆగలేదు.

మీలో రంగుల పనివారు, తోట పనివారు, కప్పులు బాగుచేసేవారు ఉన్నారు. ఇంటికి వెళ్లి పాత బిల్లు పుస్తకం తీయండి. చలికి ఇంకా రెండు నెలలు వ్యవధి ఉంది.