సేనాధిపత్యము చేతులు మారు వేళ

(సైనిక దినమున ఒక పఠనమందిరమందు జరిగిన సభలో చేసిన ఉపన్యాసము)

నేడు జనవరి 15వ తేది. ఈ తేదీని మనవారు ఏ యుద్ధమును గెలిచియుండలేదు. ఏ కోటను పట్టుకొనియుండలేదు. 1949వ సంవత్సరమున ఈ దినమున జనరల్ సర్ రాయ్ బుచర్ అను ఆంగ్లేయుడు భారత సర్వసేనాధిపత్యమును కరియప్పగారికి అప్పగించి వెడలిపోయెను. జరిగినది అంతియే. అయినను మన సైన్యము తన పండుగదినముగా ఎన్నుకొన్నది దీనినే. ఒక పదవి చేయి మారిన దినము ఒక విజయదినముకంటె గొప్పది యెట్లయ్యెనో నేడు మనము కలసి విచారింతము.

1947 ఆగస్టు 15వ తేదీని మనకు స్వరాజ్యము వచ్చినది. కాని ఆ దినమున మన సేనకు నాయకుడు లాక్‌హర్ట్ దొర. 1948 జనవరి మొదలు బుచర్ దొర. స్వరాజ్యము వచ్చిన పదునేడు మాసముల వరకు కత్తి పిడి పరాయివాని చేతనే యుండెను. ఆ కాలముననే కాశ్మీర యుద్ధము జరిగినది. ఇటు మన సేనకును, అటు పాకిస్తాన్ సేనకును అధిపతులు ఒక్క దేశపువారే! 1949 జనవరి 1వ తేదీని కాల్పులు ఆగినవి. రెండు వారములకు కరియప్పగారు పదవి స్వీకరించిరి. వాయుసేనకు 1954 ఏప్రిల్ 1వ తేదీని సుబ్రతో ముఖర్జీగారును, నౌకాసేనకు 1958 ఏప్రిల్ 22వ తేదీని చెంగల్పట్టున జన్మించిన రామదాసు కటారిగారును ప్రథమ భారతీయాధిపతులైరి. స్వాతంత్ర్యము ఒక అర్ధరాత్రమున వచ్చినదని పాఠశాలలలో చెప్పుదురు. అది పూర్తిగా మన చేతికందుటకు మరి పదునొకండు సంవత్సరములు పట్టినదని కూడ చెప్పవలసియున్నది.

ఇక ఆ క్రతువును గూర్చి. దళము వరుసలు తీరి నిలుచును. వెడలు అధికారి కడపటి వందనమును స్వీకరించును. ఒకచోట పతాకము, ఒకచోట చేతిబెత్తము, మరియొకచోట కేవలము ఒక సంతకము ఒకరినుండి యొకరికి చేరును. ఆ క్షణమునుండి ఆజ్ఞ క్రొత్తవానిది. పిమ్మట వెడలు అధికారి కూర్చున్న బండిని ఆయన క్రిందివారే త్రాళ్లు పట్టి లాగి సాగనంపుటయు కలదు. నిన్నటివరకు వణకించినవానికి నేడు ప్రేమతో వీడ్కోలు. నేటివరకు ఎరుగనివానికి రేపటినుండి విధేయత. మా న్యాయస్థానములలోను ఇట్టిదే కలదు. న్యాయాధిపతి బదిలీయైనంత మాత్రమున వ్యాజ్యము మొదటికి రాదు; డిక్రీ చెల్లకపోదు. పీఠమునకు నమస్కరింతుము గాని పీఠముపై కూర్చున్న దేహమునకు కాదు.

ఈ బాహ్యచిహ్నములు పిల్లల ఆటలని పరిహసించువారు కలరు. వారికి మా యనుభవ మొకటి చెప్పుదుము. మేము పనిచేసిన స్వచ్ఛందసేవకుల దళమొకదానిలో నాయకుడు మారవలసివచ్చినది. సభ లేదు, ప్రకటన లేదు. పాతనాయకుడు తన బిళ్లను జేబులో నుంచుకొనియే యింటికేగెను. మరునాడు సంతలో జనము క్రిక్కిరిసినప్పుడు సేవకులలో సగము మంది ఒకరి మాటను, తక్కిన సగము మరియొకరి మాటను విని, త్రాడు కట్టవలసిన చోట కట్టక, బాట విడువవలసిన చోట విడువక నిలిచిరి. ఒక ముసలమ్మ క్రిందపడి చేయి విరుగగొట్టుకొనెను. నిరాయుధులమైన మాకే ఇట్లయిన, తుపాకులు పట్టినవారికి ఎవరి మాట ఆజ్ఞయో తెలియని ఘడియ యొకటి వచ్చిన ఏమగునో ఊహింపుడు. ఆ ఘడియ రాకుండుటకే ఈ క్రతువు.

ఉడుపుల మాటయు ఇట్టిదే. ఖాకీ యనగా ధూళివన్నె. ఎఱ్ఱకోటులు శత్రువునకు గురియగుచుండగా, గడచిన శతాబ్దమునకు ముందటి శతాబ్దపు నడిమికాలమున, పంజాబు సరిహద్దు దళములకొరకు ఈ మట్టిరంగు వాడుకలోనికి వచ్చినది. అనగా ఆ బట్ట మన మట్టిదే. దానిమీద మెరసిన కిరీటము మాత్రము పరాయిది. 1950 జనవరి 26వ తేదీని మనము గణరాజ్యమైన పిమ్మట ఆ కిరీటము తొలగి అశోకుని సింహములు అధికారుల భుజములకెక్కినవి. ఆ సంవత్సరమే నవంబరు 23వ తేదీని రాజు పేరిటి పతాకములను డెహరాడూన్ సైనికవిద్యాలయమున గౌరవముతో భద్రపరచిరి. వానిని చింపలేదు, కాల్చలేదు. వాని నీడలో మరణించినవారు మన బిడ్డలే గదా! ఇది మన సంస్కారము.

ఆ పని నేటికిని సాగుచున్నది. 2022 సెప్టెంబరు 2వ తేదీని కొచ్చిలో నౌకాసేన పతాకమునుండి సెయింట్ జార్జి శిలువ తొలగినది. 2023లో నౌకాధికారులు చేత బెత్తము పట్టి తిరుగు ఆచారమును మానిపించి, కార్యాలయమున నొక బెత్తమునుంచి, పదవి మారునప్పుడు మాత్రము గదిలోపల దానిని చేతికీయవచ్చునని నిర్ణయించిరి. ఆ సంవత్సరమే ఆగస్టు 1వ తేదీనుండి భూసేనలో బ్రిగేడియరు మొదలుకొని పైవారందరకు ఒక్కటే విధమగు ఉడుపు ఏర్పడినది; ఏ పటాలమువాడో తెలుపు టోపీభేదము, త్రాటిభేదము పోయినవి. పెద్దపదవికెక్కినవాడు తన పటాలమునకు మాత్రమే కాక సైన్యమంతటికిని చెందినవాడని దీని భావము. ఈ మార్పు మాకు మిక్కిలి నచ్చినది. ఒక జిల్లాకు, ఒక కులమునకు, ఒక కూటమికి మాత్రమే నాయకులై పెద్దపదవుల నెక్కిన మన పౌరనాయకులు దీనిని చూచి సిగ్గుపడవలసియున్నది.

అయితే గుండీ మారిన గుణము మారునని భ్రమపడరాదు. ఒక్క పోలిక చాలును. కరియప్పగారు పదవి స్వీకరించిన రెండేండ్లకు, 1951 జనవరిలో, పొరుగుదేశమున గ్రేసీ దొరనుండి అయూబ్ ఖాన్ సేనాధిపత్యమును స్వీకరించెను. శిక్షణ ఒక్కటే; కవాతు ఒక్కటే; కుట్టుపని సైతము ఒక్కటే. కరియప్పగారు నాలుగేండ్లు పనిచేసి 1953లో విరమించిరి; 1971లో లోకసభకు పోటీచేసి ఓడిపోయిరి; ఆ తీర్పును శిరసావహించి యింటికేగిరి. దేశము 1986లో వారికి ఫీల్డుమార్షల్ బిరుదమిచ్చి గౌరవించినది. అయూబ్ ఖాన్ 1958లో దేశమునే పట్టుకొనెను. మరుసటి యేడు ఫీల్డుమార్షల్ బిరుదమును తన ప్రభుత్వముచేతనే తనకు ఇప్పించుకొనెను. ఆ త్రోవననే వచ్చిన ముషారఫ్ ఉడుపును తన రెండవ చర్మమనెను. దానిని విడువక సంవత్సరములకొలది దేశాధ్యక్షుడై యుండి, తుదకు 2007 నవంబరు 28వ తేదీని రావల్పిండిలో బెత్తమును కయానీ చేతికిచ్చెను. ఉడుపు చర్మమైనప్పుడు విడుచుట ఎంత బాధయో చూచితిరా? ఉడుపు ఉడుపుగానే యుండవలెను. సాయంకాలము విప్పి చిలుకకొయ్యకు తగిలింప వీలైనదిగా నుండవలెను.

ఇక మన దేశమున ఈ భేదము ఎట్లు కలిగినది? ఢిల్లీలోని తీన్‌మూర్తి భవనము ఆంగ్లేయ సర్వసేనానికొరకు కట్టినది. 1948లో అది ప్రధానమంత్రియగు నెహ్రూగారి నివాసమైనది. మన రాజ్యాంగపు 53వ అధికరణము సేనల సర్వాధిపత్యమును రాష్ట్రపతియందుంచి, దానిని శాసనానుసారముగ నడుపవలెనని విధించినది. 1955లో సర్వసేనాని యను పేరే తొలగి, మూడు సేనల పెద్దలును సమానులైరి. ఇల్లు, చట్టము, పేరు: ఈ మూడును మారినవి కాబట్టియే గుండీ మార్పునకు అర్థము కలిగినది.

సోదరులారా, ఈ చట్టమునకు ప్రాణము పోయువారము మనమే. సైనికుడు కవాతున చూపు నిగ్రహమును మన పౌరులు సభలలో చూపుచున్నారా? ఓడిన నాయకుడు గెలిచినవానికి తాళములిచ్చి నవ్వుచు వెడలుచున్నాడా? గ్రంథాలయపు కార్యదర్శిత్వముకొరకు సైతము లెక్కపుస్తకము దాచి, వ్యాజ్యము వేసి మా వంటి న్యాయవాదుల గడపలు త్రొక్కువారిని మేమెరుగుదుము. దొర తన సేనను కరియప్పగారికి అప్పగించిన దినమును పండుగ చేసికొను మనము, మన యూరి పదవిని మన సోదరునికే అప్పగింపలేకపోయిన ఆ పండుగకు అర్థమేమి?

కావున ఎప్పుడైన మీ చేతికొక బెత్తము వచ్చిన, దానిని పట్టుకొన్న నాడే దానిని ఇచ్చివేయవలసిన నాటిని కూడ తలచుకొనుడు.