సాహిత్ తీగల ఒక్కడే ఆడతాడా? బ్యాగ్ మోసేవాళ్ల లెక్క ఏంటి?

ఈ ఎపిసోడ్ గోల్ఫ్ మీద. ఆగండి ఆగండి, అప్పుడే స్వైప్ చేయకండి! గోల్ఫ్ మనకెందుకు బ్రో అంటారని నాకూ తెలుసు. దిల్‌సుఖ్‌నగర్‌లో పీజీ అంటే హాస్టల్. పీజీఏ టూర్ అంటే కొత్తగా పెట్టిన ట్రావెల్స్ ఏమో అనుకుంటాం. ఎల్బీనగర్ నుంచి గోల్ఫ్ కోర్సు చూడాలంటే గోల్కొండ కోట దగ్గర నయా ఖిలా వైపో, గచ్చిబౌలి వైపో పోవాలి. అంటే సిటీ మొత్తం దాటాలన్నమాట.

కానీ ఆ పీజీఏ టూర్‌లో మన తెలుగు పేరు ఒకటి ఉంది. సాహిత్ తీగల. 1997 డిసెంబర్‌లో కాలిఫోర్నియాలో పుట్టాడు, అంటే దాదాపు నా వయసే. అమ్మానాన్నలు కరుణ, మురళీధర్ గార్లది హైదరాబాద్. మురళీధర్ గారు 1987లో పై చదువులకి అమెరికా వెళ్లారు. అక్కడ టీవీలో టైగర్ వుడ్స్ ఆట చూస్తూ పిల్లాడికి గోల్ఫ్ పిచ్చి పట్టుకుంది. దానికి తోడు సాహిత్‌కి స్కోలియోసిస్, అంటే వెన్నెముక వంకర. అయినా పెప్పర్‌డైన్ యూనివర్సిటీలో ఆడి, 2020లో కాలేజీ గోల్ఫ్‌లోని మూడు పెద్ద అవార్డులు, హాస్కిన్స్, హోగన్, నిక్లాస్, మూడూ కొట్టేశాడు.

ఇప్పుడు అసలు పాయింట్‌కి వస్తా. గోల్ఫ్‌ని ఒంటరి ఆట అంటారు కదా. టీవీలో చూడండి, ఆటగాడి పక్కన ఇంకో మనిషి నడుస్తూ ఉంటాడు. ఆయనే క్యాడీ. బ్యాగ్‌లో 14 క్లబ్బుల వరకు ఉండొచ్చు, మొత్తం కలిపి సుమారు 20 కిలోలు. అది భుజాన వేసుకుని రోజుకి 18 హోల్స్, అలా నాలుగు రోజులు. కానీ మోయడం ఆ పనిలో చిన్న భాగమే. జెండా ఎంత దూరం ఉంది, గాలి ఎటు వీస్తోంది, బంతి ఎక్కడ పడితే ప్రమాదం, ఇవన్నీ ముందే నడిచి చూసుకుని పుస్తకంలో రాసుకుంటాడు. నాకు బాగా నచ్చిన రూల్ ఒకటుంది. రౌండ్ నడుస్తున్నప్పుడు మామూలు సింగిల్స్ ఆటలో ఆటగాడు సలహా అడగగలిగేది తన క్యాడీని ఒక్కడినే. కోచ్ తాడు అవతల నిలబడి ఉన్నా నోరు విప్పకూడదు. ప్రొడక్షన్ డౌన్ అయినప్పుడు మేనేజర్ కాల్‌లో ఉండకూడదు, ఆన్‌కాల్ వాడొక్కడే మాట్లాడాలి అన్నట్టు. అలా ఉంటే ఎంత బాగుండేదో!

సాహిత్ కెరీర్‌లో ఆ పక్క మనిషి విలువ ఓడిపోయిన రోజుల్లోనే ఎక్కువ తెలుస్తుంది. 2022 ఫిబ్రవరి, ఫీనిక్స్ ఓపెన్. కుర్రాడు కొత్తగా వచ్చాడు, ఆఖరి రోజు ఆధిక్యంలో మొదలుపెట్టాడు. 17వ హోల్‌లో కొట్టిన షాట్ నేల మీద పడి, ఎడమకి తిరిగి, నేరుగా నీళ్లలోకి పోయింది. ఒక్క షాట్ తేడాతో ప్లేఆఫ్ చేజారింది. అదే ఏడాది జూన్, ట్రావెలర్స్. ఆఖరి హోల్‌కి ఒక షాట్ ముందున్నాడు. బంతి బంకర్‌లో పడింది. మొదటి దెబ్బకి బయటికి రాలేదు. డబుల్ బోగీ. జాండర్ షాఫెలే గెలిచాడు. అలాంటి హోల్ అయ్యాక స్కోర్‌కార్డు మీద సంతకం పెట్టడానికి నడిచే ఆ కొంచెం దూరం ఉంటుంది చూడండి, అప్పుడు పక్కన ఉండేది క్యాడీనే. తాడు దాటాక అమ్మానాన్న.

2023 సెప్టెంబర్‌లో నాపాలో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. 21 అండర్, రెండు షాట్ల తేడా, టూర్‌లో మొదటి గెలుపు. బ్యాగ్ మోసింది కార్ల్ స్మిత్.

మరి ఆయనకేం వస్తుంది? టూర్‌లో వాడుక లెక్క ఇలా ఉంటుంది: గెలిస్తే 10 శాతం, టాప్ టెన్‌లో ఉంటే 7, మిగతా వాటికి 5. ఇది రూల్ కాదు, వాళ్లిద్దరి మధ్య ఒప్పందం. మన దేశంలో కథ వేరు. ఇక్కడ క్లబ్బుల్లో క్యాడీకి రౌండ్‌కి ఇంత అని కూలీ. అయినా ఆ బ్యాగ్ మోసినవాళ్లలోంచే ఛాంపియన్లు వచ్చారు. క్యాడీగా మొదలైన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన మొదటి భారతీయ ప్రొఫెషనల్. బెంగళూరులో క్యాడీగా పనిచేసిన మునియప్ప 2009లో అదే టైటిల్ కొట్టాడు. వీళ్ల మీద సినిమా ఎందుకు రాలేదో నాకైతే అర్థం కాదు.

ఇప్పుడు నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వని లెక్క చెప్తా. 2024 టూర్ ఛాంపియన్‌షిప్, అట్లాంటా. మూడో రౌండ్, మూడో హోల్, బంతి ఇసుకలో ఉంది. సాహిత్ క్లబ్ వెనక్కి తీసేటప్పుడు ఇసుకకి కాస్త తగిలినట్టు అనిపించింది. అది తప్పు, రెండు షాట్ల పెనాల్టీ. వేరే ఎవరూ వేలెత్తి చూపించలేదు. తనే అధికారుల్ని పిలిచి చెప్పాడు. పెనాల్టీ పడింది.

చివరికి 24 అండర్‌తో మూడో స్థానం, 75 లక్షల డాలర్లు. రెండో స్థానంలో ఉన్న మొరికావా 26 అండర్, కోటీ 25 లక్షల డాలర్లు. ఆ రెండు షాట్లు లేకపోతే ఇద్దరూ సమానం, రెండు బహుమతులు కలిపి పంచితే చెరో కోటి డాలర్లు. అంటే నిజం చెప్పినందుకు సాహిత్‌కి పోయింది 25 లక్షల డాలర్లు. సరే, అది అతని డబ్బు, అతని ఇష్టం. కానీ వాడుక లెక్కలో 7 శాతం వేసి చూడండి. క్యాడీ వాటాలో లక్షా 75 వేల డాలర్లు గాలికి. అప్పటి రేటుతో దాదాపు కోటిన్నర రూపాయలు! ఆ ఇసుక తాకింది ఆయన కాదు, పెనాల్టీ అడిగిందీ ఆయన కాదు.

చాలామంది సాహిత్ నిజాయితీని మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకుంటా. చెప్పకపోతే రాత్రి నిద్ర పట్టదు అనే టైప్ మనిషి అతను. కానీ చప్పట్లన్నీ ఒకరికే పడ్డాయి, బిల్లు మాత్రం ఇద్దరూ కట్టారు. ఆ సాయంత్రం బ్యాగ్ కార్లో పెడుతూ వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకుని ఉంటారు? మీరు ఆ క్యాడీ ప్లేస్‌లో ఉంటే ఏమనేవారు? "మంచి పని చేశావ్" అనా, "ఒక మాట నన్నడగొచ్చు కదా" అనా? కామెంట్లలో రాయండి, చదువుతా. ఉంటాను మరి, బై.